నాలుగు మోటార్లకు వైరింగ్

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నాకు పాలు పడ్డాయి. బిడ్డ లేదన్న సంగతి ఒంటికి తెలియలేదు. మా అత్తగారు ముదినేపల్లి నుంచి వచ్చి ఏలూరులో మా ఇంట్లోనే ఉన్నారు. రోజూ మల్లెమొగ్గలు తెప్పించి, నా రొమ్ముల మీద పరిచి, పాత నూలుచీర ముక్కతో బిగించి కట్టేవారు. పొద్దున కట్టిన పూలు సాయంత్రానికి కమిలిపోయి, ఉడికిన వాసన వేసేవి. ఆవిడ వాటిని తీసేసి కొత్తవి పెట్టేవారు. ఆ పని జరుగుతున్నంతసేపూ మేమిద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. నాకు నొప్పి తెలిసేది, తడి తెలిసేది. అంతకుమించి ఏమీ తెలిసేది కాదు.

ఎనిమిదో నెల నడుస్తుండగా కడుపులో కదలిక ఆగిపోయింది. స్కాన్ చేసిన డాక్టరమ్మ తెరను తనవైపు తిప్పుకుని చాలాసేపు చూసి, బయట కూర్చున్న మా ఆయన్ని లోపలికి పిలిపించారు. ఆ తర్వాత జరిగినవన్నీ నాకు వరసగానే గుర్తున్నాయి. కాకపోతే, పక్క మంచం మీది మనిషికి జరిగినట్టు గుర్తున్నాయి. కాన్పు అయింది. ఆడపిల్ల అన్నారు. చూస్తే నేను తట్టుకోలేనని పెద్దవాళ్లు అనుకుని, నాకు చూపించకుండానే తీసుకెళ్లారు. చూపించమని నేనూ అడగలేదు. అడగొచ్చని ఆ వేళకి తోచలేదు.

పలకరించడానికి జనం వచ్చారు. చిన్న వయసేగా, మళ్లీ పుడతారులెమ్మని కొందరన్నారు. నన్ను చూసి గుండె నిబ్బరం గల పిల్ల అని ఇంకొందరన్నారు. నేను లేచి కాఫీ కలపబోతే అత్తగారు కూర్చోబెట్టేవారు. తాడేపల్లిగూడెంలో మా పుట్టింట్లో నా పురిటి కోసమని గదికి సున్నం వేయించి ఉంచారు. మా అమ్మ వచ్చి, ఆ గదిలోనే కొన్నాళ్లు పడుకుందువుగాని రమ్మంది. నేను రానన్నాను. ఆ గది చూసి ఏడుస్తానన్న భయం కాదు. అక్కడ పడుకున్నా ఏమీ అనిపించదేమోనని భయం.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. పెళ్లయ్యాక కూడా ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి రోజూ రైల్లో వెళ్లి, అక్కడి ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేదాన్ని. పిల్లలు ప్రాక్టికల్స్‌లో తప్పుగా కలిపిన వైర్లు వెతికి సరిచెయ్యడమే నా పని. ఆరో నెల వచ్చాక, ప్రయాణాలు వద్దని డాక్టరమ్మ చెప్పడంతో మానేశాను. మా ఆయనది వ్యవసాయ కుటుంబం. ముదినేపల్లిలో వాళ్ల వరిచేలల్లో కొంత ఇప్పుడు చేపల చెరువైంది. ఆయనకి మాత్రం చిన్నప్పటి నుంచీ చెక్కపని మీద ఇష్టం. పెదపాడు వెళ్లే దారిలో ఒక షెడ్డు తీసుకుని, టేకు గుమ్మాలూ, తలుపులూ, పూజామందిరాలూ చేయించి అమ్ముతున్నారు. తలుపుల మీది చెక్కడం పని చేసే మెషీన్ ఒకటి సొంతంగా కట్టుకోవాలని ఆయన కోరిక. ఇనుప చట్రం, పట్టాలు, మోటార్లు, కంట్రోలర్ బోర్డు అన్నీ నేను కడుపుతో ఉండగానే తెచ్చి పెట్టారు. పాప వచ్చేలోపు మెషీన్ తిరగాలి అనేవారు.

ఇప్పుడాయన పొద్దున్నే షెడ్డుకి వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, మాట్లాడకుండా తిని, మళ్లీ వెళ్లిపోయేవారు. కొన్ని రోజులకి మధ్యాహ్నం రావడం కూడా మానేశారు. ఒకరోజు అత్తగారు కేరియరు సర్ది, పక్కింటివాళ్ల ద్వారా పంపుదామని చూస్తుంటే, నేను తీసుకెళతానన్నాను. పచ్చి ఒంటితో గాలిలోకి వెళ్లకూడదన్నారావిడ. నేను చెప్పులు వేసుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్లి దూది తెచ్చి నా చెవుల్లో పెట్టి, తలకి తువ్వాలు చుట్టి, ఆటో పిలిచారు. ఒంట్లో బాగోలేదేమో అన్నట్టు ఆటో అతను నన్ను అద్దంలో చూసుకుంటూ మెల్లగా నడిపాడు.

షెడ్డులో మెషీన్ సగం గది ఆక్రమించి ఉంది. మంచమంత బల్ల. దాని మీద అటూ ఇటూ కదిలే ఇనుప దూలం. దూలం మీద కుడిఎడమలకి జరిగే తల. ఆ తలకి కింద చెక్కను తొలిచే కట్టర్. దూలం బరువైనది కాబట్టి దాన్ని లాగడానికి రెండు వైపులా రెండు మోటార్లు, తలను జరపడానికి ఒకటి, కట్టర్‌ను పైకీ కిందికీ తీసుకెళ్లడానికి ఒకటి. ఒక్కో మోటారుకీ దాన్ని నడిపే ఒక్కో డ్రైవర్ పెట్టె. కంప్యూటర్ చెప్పింది బోర్డు వింటుంది. బోర్డు ఒక్కో చిన్న కరెంటు దెబ్బతో డ్రైవర్‌కి ఒక అడుగు వేయమని చెబుతుంది. డ్రైవర్ మోటారును ఒక అడుగు తిప్పుతుంది. మెషీన్ అంతా ఇంతే.

మా ఆయన తెరిచి ఉన్న పానెల్ పెట్టె ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పెట్టెలో ఎర్రవీ నల్లవీ పచ్చవీ వైర్లు గుట్టగా ఉన్నాయి. నన్ను చూసి లేచారు. ఎందుకొచ్చావనలేదు. మోటార్లు బిగుసుకుంటున్నాయిగాని తిరగడం లేదని చెప్పారు. వీడియో చూసి అచ్చం అలాగే కలిపారట. స్విచ్చి వేసి చూపించారు. నాలుగు మోటార్లూ సన్నగా మూలుగుతూ బిగుసుకున్నాయి. దూలాన్ని చేత్తో తోసి చూశాను, కదల్లేదు. కంప్యూటర్‌లో బటన్ నొక్కితే తెర మీద అంకెలు మారుతున్నాయి, మోటార్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"మీటరుందా అండీ?" అన్నాను.

ఇంటికి వచ్చాక నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. ఆయన వోల్టులు కొలిచే మీటరు గబగబా వెతికి తెచ్చిచ్చారు.

తప్పు దొరకడానికి పెద్దగా కష్టపడలేదు. డ్రైవర్‌కి బోర్డు నుంచి వచ్చే ప్రతి సంకేతానికీ రెండు కాళ్లుంటాయి, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. వీడియోలో చేసి చూపించినతను మైనస్‌లన్నీ కలిపి ఒకచోట కట్టి, సంకేతాలను ప్లస్‌లకి ఇచ్చాడు. అతని బోర్డు అలాంటిది. మా బోర్డు తనంతట తాను కరెంటు తోయదు, కిందికి లాగుతుంది. మా దానికి ప్లస్‌లన్నీ కలిపి అయిదు వోల్టులకి కట్టి, సంకేతాలను మైనస్‌లకి ఇవ్వాలి. ల్యాబులో ఏటేటా పిల్లలకి చెప్పిన విషయమే. ఆ మాట ఆయనకి చెప్పి, ఇదంతా విప్పేసి మళ్లీ మొదటి నుంచీ కలపాలన్నాను. ముందు అన్నం తిందామన్నారాయన. కేరియరు విప్పుకుని ఇద్దరం తిన్నాం. ఏ కూరో గుర్తులేదు.

ఆ మర్నాటి నుంచి రోజూ వెళ్లాను. మా అత్తగారు రోజూ చెవుల్లో దూది పెట్టేవారు. షెడ్డులో ఒక పాత కుర్చీలో దిండు వేసి నన్ను కూర్చోబెట్టి, మా ఆయన పానెల్ పెట్టెను నా ఎత్తుకి స్టూలు మీద పెట్టారు. వైరు కొలిచి కోయడం, చివర తొక్క ఒలవడం, ఒలిచిన చివరికి సన్నని రేకుగొట్టం తొడిగి ప్లయరుతో నొక్కడం, డ్రైవర్ కన్నంలో పెట్టి స్క్రూ బిగించడం, లాగి చూడడం. మళ్లీ ఇంకో వైరు. అడుగు వేయమనే పల్స్‌కి పసుపు, ఎటో చెప్పే డైరెక్షన్‌కి ఆకుపచ్చ, అయిదు వోల్టులకి ఎరుపు అనుకున్నాం. నా చేతులు పనిచేస్తుంటే నేను ఎక్కడో పక్కన కూర్చుని చూస్తున్నట్టుండేది. బాధగా ఉండేది కాదు. హాయిగా కూడా ఉండేది కాదు. మధ్యలో రవికె తడిస్తే, లేచి వెనక చెక్కల గదిలోకి వెళ్లి గుడ్డ మార్చుకుని వచ్చేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు ఉండేవారు.

ఒక మధ్యాహ్నం మూడో డ్రైవర్‌కి వైర్లు కలుపుతున్నాను. ఆయన ఒక్కొక్కటీ కోసి అందిస్తున్నారు. నేను తలెత్తకుండానే అడిగాను.

"ఎక్కడ పెట్టారండీ?"

ఆయన స్క్రూడ్రైవర్ అనుకుని బల్ల మీద వెతికారు.

"అది కాదండీ. పాపని."

ఆయన చేతిలోని వైరు కోసే కట్టర్ బల్ల మీద పెట్టారు. బయట రోడ్డు మీద చేపల వ్యాను ఒకటి నీళ్లు కారుకుంటూ వెళ్లింది.

"ముదినేపల్లిలో, మన చెరువు గట్టు మీద," అన్నారు. "నీళ్లమోటారు గది వెనక కొబ్బరిచెట్లున్నాయి కదా, అక్కడ. నాన్నా నేనూ వెళ్లాం. నాన్న తవ్వారు. తవ్వుతున్నంతసేపూ నేను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను."

"ఎలా ఉంది?"

"జుట్టు చాలా ఉంది. నల్లగా, ఒత్తుగా. గడ్డం నీదే. నిద్రపోతున్నట్టే ఉంది. ఆ తెల్లగుడ్డ సరిపోలేదు, కాళ్లు బయటికొచ్చాయి. నా తువ్వాలు చుట్టాను."

"బరువుందా?"

"ఉంది."

నేను చేతిలో ఉన్న వైరుకి గొట్టం తొడిగి నొక్కాను. లాగి చూశాను. ఊడలేదు. దాన్ని కన్నంలో పెట్టి బిగించాను.

"నువ్వు అడుగుతావేమోనని రోజూ చూశాను," అన్నారాయన. "అడగలేదు. నా అంతట నాకు చెప్పడం చేతకాలేదు."

నన్ను అక్కడికి తీసుకెళ్లమన్నాను. ఆయన సరేనని, కట్టర్ తీసుకుని ఇంకో వైరు కొలవడం మొదలుపెట్టారు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోకుండా అలాగే వైరు కోసి నాకిచ్చారు. నేను అందుకున్నాను. ఆయన్ని చూస్తే జాలేసింది గాని, ఆ జాలి కూడా దూరం నుంచి వేసినట్టే ఉంది.

ఆ ఆదివారం వెళ్లాం. దూది, తువ్వాలు మామూలే. ముదినేపల్లిలో మామగారు గట్టు మొదట్లో నిలబడి మా కోసం చూస్తున్నారు. చెరువులో నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. కొల్లేటి వైపు నుంచి కొంగలు గుంపుగా వచ్చి గట్ల మీద దిగుతుంటే, పక్క చెరువు కాపలా మనిషి డబ్బా వాయిస్తున్నాడు. అవి లేచి ఒక చుట్టు తిరిగి, ఇంకో చెరువు మీద దిగుతున్నాయి. కొబ్బరిచెట్ల కింద నేల చదునుగా ఉంది. కుక్కలు తవ్వకుండా తుమ్మకంప కప్పి, దాని మీద రాయి పెట్టారు మామగారు. నేను వచ్చేసరికి ఆ కంప తీసి పక్కన పెట్టి, చోటంతా ఊడ్చి ఉంచారు.

నేను కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టాను. ఎండకి వెచ్చగా ఉంది. గడ్డం నాదేనట, జుట్టు ఒత్తుగా ఉందట అనుకున్నాను. ముఖాన్ని ఊహించుకోవడానికి ప్రయత్నించాను. గడ్డమూ జుట్టూ వచ్చాయి గాని మధ్యలో ముఖం రాలేదు.

"ఏడవమ్మా," అన్నారు మామగారు. "ఏడిస్తే తేలికవుతావు."

"రావట్లేదండీ," అన్నాను.

ఆయన తల ఊపి, అవతలికి వెళ్లి కొబ్బరిచెట్టుకి చెయ్యి ఆనించి మాకు వీపు చూపిస్తూ నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతుండడం కనిపించింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, బొండం కొట్టి నాకిచ్చారు. తాగాను. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా చెరువులే. మా ఆయన బండిని గుంతల్లో పడకుండా మెల్లగా నడిపారు.

తర్వాతి వారంలో వైరింగ్ పూర్తయింది. స్విచ్చి వేసే ముందు మీటరుతో అన్నీ ఒకసారి చూశాను. తల జరిగే మోటారు సరిగ్గా తిరిగింది. కట్టర్ పైకీ కిందికీ సరిగ్గా వెళ్లింది. దూలం కదిపే బటన్ నొక్కగానే, ఒక పక్క ముందుకీ రెండో పక్క వెనక్కీ లాగి, ఇనుము కిర్రుమని వంకరపోయింది. నేను మెషీన్ ఆపే ఎర్ర బటన్ మీద గట్టిగా కొట్టాను. రెండు మోటార్లూ ఎదురెదురుగా బిగించి ఉంటాయి కాబట్టి, ఒకటి రెండోదానికి వ్యతిరేకంగా తిరగాలి. తెలిసిన సంగతే, కలిపేటప్పుడు గుర్తు రాలేదు. కరెంటు పూర్తిగా తీసేసి, డ్రైవర్ దగ్గర రెండో మోటారు వైర్లలో ఒక జతను అటుదిటూ ఇటుదటూ మార్చాను. ఆయన దూలాన్ని చేత్తో సమంగా జరిపారు. ఈసారి రెండు పక్కలా కలిసి నడిచింది. ఆయన నవ్వబోయి నా వైపు చూసి ఆగారు. మీరు నవ్వండి, పరవాలేదు అన్నాను. అప్పుడు కొంచెం నవ్వారు.

కొల్లేటి అంచున ఒక ఊళ్లో స్కూల్లో పనిచేసే మాస్టారు ఒకాయన ఇల్లు కట్టుకుంటూ, వీధి తలుపు మీద తామరపువ్వూ దాని చుట్టూ ఆకులూ కావాలని ఎప్పుడో చెప్పి ఉన్నారు. ముందు పాత వేపచెక్క మీద వేసి చూశాం. మొదట్లో పువ్వు ముచ్చటగా వచ్చింది. పోను పోను రేకులు కుడివైపుకి జరిగిపోతున్నాయి. ఆఖరి ఆకు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గీసిన గీతల మీద కాకుండా పక్కన పడింది. మా ఆయన స్క్రూలు వదులయ్యాయేమోనని అన్నీ బిగించారు. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. నేర్పుగా గీసిన ముఖం ఒక వైపుకి జారిపోయినట్టుంది ఆ పువ్వు.

ఆ రాత్రీ మర్నాడూ నా బుర్రలో అదే తిరిగింది. స్నానం చేస్తూ, అదెందుకు ఎప్పుడూ ఒకే వైపుకి జరుగుతుందని ఆలోచిస్తున్నానని గమనించాను. కాన్పు తర్వాత నా మనసు తనంతట తాను ఒక విషయం మీదికి వెళ్లడం అదే మొదలు. నీళ్లు చల్లారిపోయాయని అత్తగారు తలుపు తట్టి చెప్పారు.

సంగతి ఇదీ. పువ్వు చెక్కేటప్పుడు కట్టర్ క్షణక్షణానికీ దిశ మార్చుకుంటుంది. డ్రైవర్‌కి ముందు ఎటు వెళ్లాలో తెలియాలి, తర్వాత అడుగు వేయమన్న దెబ్బ అందాలి. వైర్లు కలిపే పద్ధతి నేను తిరగేశాను గాని, దానికి తగ్గట్టు కంప్యూటర్‌లో ఆ దెబ్బను తిరగెయ్యలేదు. దాంతో దిశ మారిన ప్రతిసారీ, ఎటో తేలకముందే అడుగు పడిపోతోంది. పడేది వెంట్రుకవాసి తేడా. వందల మలుపుల తర్వాత అది వేలెడు అవుతుంది. షెడ్డుకి వెళ్లగానే సెట్టింగుల్లో ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాను. వేపచెక్క తిరగేసి రెండోవైపు వేశాం. ఆఖరి ఆకు గీత మీదే పడింది. మా ఆయన వేలు ఆ గాడి వెంట పోనిచ్చి చూసి, టేకు తలుపును బల్ల మీదికి ఎక్కించడానికి మనుషుల్ని పిలిచారు.

తలుపు పాలిష్ అయ్యేసరికి నాకు పాలు పూర్తిగా ఆగిపోయాయి. అత్తగారు ఇక ముదినేపల్లి వెళతానన్నారు. వెళ్లేముందు ఒకసారి షెడ్డుకి వచ్చి కుర్చీలో కూర్చుని, మెషీన్ ఒక గుమ్మం మీద తీగ చెక్కుతుంటే ఆఖరి దాకా చూశారు. పొట్టు నా ఒంటి మీద పడకుండా పైట నిండా కప్పుకోమని చెప్పి బస్సెక్కారు.

మాస్టారి ఇంటికి తలుపు వ్యానులో తీసుకెళ్లాం. బిగింపు సరిచూడ్డానికి నేనూ వెళ్లాను. మగవాళ్లు కీలు బిగిస్తుండగా మాస్టారి భార్య నన్ను లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఏ ఊరు, ఏం చదువుకున్నారు అని అడుగుతూ, మామూలుగా అందరూ అడిగేదే అడిగారు.

"పిల్లలెంతమందండీ?"

లేరండీ అనే అంటానని నేను అనుకున్నాను. "ఒక పాపండీ," అన్నాను. "పుట్టేటప్పటికే పోయింది."

ఆవిడ అయ్యో అనలేదు. దగ్గరికి వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏం పేరనుకున్నారు?"

"పేరు పెట్టలేదండీ."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. నాకు కళ్లు మండి, ఏడుపు వచ్చింది. చాలా వస్తుందనుకున్నాను గాని కొద్దిగానే వచ్చి ఆగిపోయింది. ఆవిడ లోపలికి వెళ్లి అన్నం పెట్టుకొచ్చారు. కొరమీను పులుసు. కారం ఎక్కువైందని నాకు తెలిసింది. రెండోసారి వేయించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ముందు సీట్లో కూర్చుని, పేరేమనుకున్నారని ఆవిడ అడిగిందని మా ఆయనకి చెప్పాను. నువ్వేం చెప్పావని అడిగారు. పెట్టలేదన్నానని చెప్పాను. చాలా దూరం వచ్చాక ఆయన, "పెడదామా?" అన్నారు.

"ఇప్పుడే కాదండీ. ఆలోచించి పెడదాం."

పేరు ఆ తర్వాత కొన్నాళ్లకి పెట్టుకున్నాం. అది మా ఇద్దరికే తెలుసు, ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ షెడ్డులోనే ఒక మూల నా బల్ల ఉంది. మెషీన్ కట్టుకుంటున్నవాళ్లు భీమవరం నుంచీ తణుకు నుంచీ పానెల్ పెట్టెలు తెచ్చి ఇస్తే వైరింగ్ చేసిస్తాను. పని చేస్తున్నప్పుడు కొన్ని రోజులు నేను నా చేతుల్లోనే ఉంటాను. కొన్ని రోజులు పక్కన కూర్చుని చూస్తుంటాను. అలాంటి రోజుల్లో ఆయన గ్రహించి, వైర్లు కోసి ఒక్కొక్కటీ అందిస్తూ కూర్చుంటారు.